ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు: అమెరికా సర్వేలోని భాష ప్రశ్నలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న తెలుగు ఇంటికి ఎప్పుడో ఒకప్పుడు, జనాభా లెక్కలు తీసే ప్రభుత్వ శాఖ సెన్సస్ బ్యూరో నుంచి కవరు రావచ్చు. ఇల్లు, ఉద్యోగం, చదువు, జీతం గురించి అడిగే బోలెడు ప్రశ్నల మధ్య భాష గురించి మూడు చిన్న ప్రశ్నలు ఉంటాయి. మిగతావన్నీ చకచకా పూర్తి చేసినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతారు. "అమ్మకి ఇంగ్లీషు వచ్చని పెట్టాలా, రాదని పెట్టాలా?" "పిల్లాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడని రాస్తే బడిలో ఏమైనా ఇబ్బందా?" నేను వారాంతాల్లో పిల్లలకు తెలుగు చెబుతాను. క్లాసు అయ్యాక వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నల్లో ఎక్కువసార్లు విన్నవి ఇక్కడ పెట్టాను.

ఈ సర్వే ఏమిటి? పదేళ్లకోసారి తీసే జనాభా లెక్కలు ఇవేనా?

కావు. దీని పేరు అమెరికన్ కమ్యూనిటీ సర్వే. చాలామంది ఏసీఎస్ అంటారు. 2005 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. ఏటా సుమారు 35 లక్షల చిరునామాలను ఎంచి పంపుతారు. ఒకసారి మీ చిరునామా వచ్చిందంటే మళ్లీ ఐదేళ్లలోపు రాదు.

2000 వరకు పదేళ్ల లెక్కల్లోనే కొన్ని ఇళ్లకు పొడవాటి ఫారం వెళ్లేది, భాష ప్రశ్నలు అందులో ఉండేవి. ఆ ఫారం తీసేసి, దాని స్థానంలో ఏసీఎస్ పెట్టారు. అందుకే 2020 జనాభా లెక్కల్లో భాష గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. "2020లో మేం నింపాం కదా, మా తెలుగు లెక్కలోకి వచ్చే ఉంటుంది" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రాలేదు. అమెరికాలో తెలుగువాళ్లు ఇంతమంది అని పత్రికల్లో కనిపించే అంకెలు ఎక్కువగా ఈ నమూనా సర్వే నుంచి తీసినవే. అంటే మీ ఇంటి జవాబు మీలాంటి మరెన్నో ఇళ్ల తరఫున కూడా నిలబడుతుంది.

భాష గురించి సరిగ్గా ఏం అడుగుతారు?

ఇంట్లో ఉన్న ప్రతి మనిషి గురించీ విడివిడిగా మూడు అడుగుతారు. మొదటిది, ఈ వ్యక్తి ఇంట్లో ఇంగ్లీషు కాక మరో భాష మాట్లాడతారా? అవునంటే రెండోది, ఆ భాష ఏది? మూడోది, ఈ వ్యక్తి ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారు? దీనికి 'వెరీ వెల్', 'వెల్', 'నాట్ వెల్', 'నాట్ ఎట్ ఆల్' అని నాలుగు గళ్లు ఉంటాయి. ఐదేళ్లు నిండనివాళ్ల గురించి ఇవి అడగరు.

1980 జనాభా లెక్కల నుంచి ప్రశ్నలు దాదాపు ఇలాగే వస్తున్నాయి. అందుకే ఇన్నేళ్ల మార్పును పోల్చి చూడగలుగుతున్నాం. 1980లో ఇంట్లో ఇంగ్లీషు కాని భాష మాట్లాడేవాళ్లు 2 కోట్ల 31 లక్షలు ఉంటే, 2019కి 6 కోట్ల 78 లక్షలయ్యారు. దాదాపు మూడింతలు. అందులో స్పానిష్ వాళ్లే సగానికి మించి ఉంటారు.

మా ఇంట్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు. 'అవును' పెట్టాలా?

పెట్టండి. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడరా అని అడగడం లేదు. ఇంగ్లీషుతో పాటు మరో భాష మాట్లాడతారా అనే అడుగుతున్నారు. "అమ్మా, హోంవర్క్ కంప్లీట్ చేసేశా, ఇప్పుడు ఆడుకోవచ్చా?" అన్న పిల్ల మాట్లాడింది తెలుగే. అందులో ఇంగ్లీషు మాటలు ఎన్ని కలిసినా వాక్యాన్ని నడిపేది తెలుగు.

అయితే, బామ్మ ఫోన్ చేసినప్పుడు "బాగున్నావా బామ్మా" అని, పండక్కి రెండు మాటలు మాత్రం అనే పిల్లవాడికి 'కాదు' అనే పెట్టాలి. ఏవో కొన్ని పదాలు మాత్రమే వాడితే లెక్కలోకి తీసుకోవద్దని సర్వే సూచనల్లోనే ఉంది. బడిలో మాత్రమే నేర్చుకుంటున్న భాష కూడా లెక్కలోకి రాదు. పిల్లలకు తెలుగు చెప్పే నాకు ఇది రాయడం కష్టంగానే ఉంది కానీ, ఆశ కొద్దీ 'అవును' పెట్టకండి. మీ ఇంట్లో ఉన్నదే రాయండి.

మా ఇంట్లో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. మా ఆయనది మరాఠీ. ఏది రాయాలి?

ఒక్కొక్కరికి ఒక్క భాషే రాయడానికి చోటు ఉంటుంది. ఆ మనిషి ఇంట్లో ఏది ఎక్కువ మాట్లాడితే అది రాయాలి. రెండూ సమానంగా ఉండి తేల్చుకోలేకపోతే, చిన్నప్పుడు ముందు నేర్చిన భాష రాయాలి. ఇంటికంతా ఒకే భాష రాయాలన్న నియమం లేదు. మీకు తెలుగు, ఆయనకు మరాఠీ, పిల్లలకు వాళ్లు ఎక్కువ మాట్లాడేది రాయండి.

హైదరాబాదులో పెరిగినవాళ్లకు, బళ్లారి వైపు కన్నడం కలిసిన ఇళ్లకు, చెన్నైలో నాలుగు తరాలుగా ఉండి ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్నవాళ్లకు ఈ గడి చిన్నదైపోతుంది. దీనివల్ల మన బహుభాషితనం లెక్కల్లో కనిపించకుండా పోతుందన్నది నిజమే. ఉన్న గడిలో నిజం రాయడం తప్ప ప్రస్తుతానికి వేరే దారి లేదు.

'ఇండియన్' అని రాస్తే సరిపోదా?

సరిపోదు. ఇండియన్ అన్నది భాష పేరు కాదు. 'తెలుగు' అని రాయండి. అడిగేవాళ్లకు తెలియదేమోనని 'హిందీ' అని రాసేవాళ్లను కూడా చూశాను. తెలుగుకు వాళ్ల దగ్గర సొంత కోడు ఉంది, మీరు రాస్తే అందులోకే వెళుతుంది.

ఇంగ్లీషు 'వెరీ వెల్' అని ఎవరికి పెట్టాలి? ఎలా తేల్చుకోవాలి?

ఎక్కువ తప్పులు జరిగేది ఈ గడి దగ్గరే.

మన పెంపకంలో "నాకు చాలా బాగా వచ్చు" అనడం గొప్పలు చెప్పుకోవడం కిందికి వస్తుంది. వచ్చినా "ఏదో కొద్దిగా వచ్చండీ" అనే అంటాం. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషులో మీటింగులు నడుపుతున్న మనిషి కూడా తన యాసను తలచుకుని ఒక మెట్టు దిగి 'వెల్' పెడతాడు. సర్వే లెక్కలో ఆ ఒక్క మెట్టే అంతా తేల్చేస్తుంది. 'వెరీ వెల్' కాకుండా మిగతా మూడింటిలో ఏది పెట్టినా ఆ మనిషిని ఇంగ్లీషు పరిమితంగా వచ్చినవారి కిందే కలుపుతారు. 'వెల్'కీ 'నాట్ వెల్'కీ మధ్య మనకు కనిపించే దూరం చాలా పట్టికల్లో మాయమైపోతుంది.

గీత అక్కడే ఎందుకు గీశారంటే, 1982లో సెన్సస్ బ్యూరో కొంతమందికి నిజంగానే ఇంగ్లీషు పరీక్ష పెట్టి చూసింది. తమకు 'వెరీ వెల్' వచ్చని చెప్పినవాళ్లు ఇంగ్లీషే ఇంటి భాషగా ఉన్నవాళ్లతో ఇంచుమించు సమానంగా రాశారు. మిగతావాళ్లు బాగా వెనకబడ్డారు.

ఇంకో వైపు, తల్లిదండ్రుల విషయంలో ప్రేమ కొద్దీ చేసే తప్పు ఉంది. "మా నాన్నగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, రోజూ ఇంగ్లీషు పేపరు చదువుతారు, ఆయనకి రాదని ఎలా పెడతాను?" అంటారు కొడుకులు. ఈ ప్రశ్న మాట్లాడటం గురించి. చదవడం, రాయడం, డిగ్రీ గురించి అడగలేదు. ఆ హెడ్మాస్టరుగారు ఫోన్లో ఫార్మసీ అమ్మాయి గబగబా అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలరా? ఛాతీలో నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో డాక్టరుకు మీరు పక్కన లేకుండా వివరించగలరా? చెప్పగలిగితే 'వెరీ వెల్'. లేకపోతే కింది గడి పెట్టడం ఆయన్ని తక్కువ చేయడం కాదు.

యాస గురించి మాత్రం అస్సలు ఆలోచించకండి. ఫారంలో ఎక్కడా యాస మాట లేదు. మీరు అనుకున్నది చెప్పగలుగుతూ, ఎదుటివాళ్లు అన్నది అందుకోగలుగుతూ, మరొకరి సాయం లేకుండా పని నడిపించుకుంటుంటే గుంటూరు యాసైనా, వరంగల్ యాసైనా మీది 'వెరీ వెల్' ఇంగ్లీషే.

ఇంటి పెద్ద ఒక్కరే అందరి తరఫునా నింపేస్తే తప్పా?

తప్పు కాదు. ఎక్కువ ఇళ్లలో జరిగేది అదే. కాకపోతే భాష ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆ మనిషినే అడగండి. భార్య ఇంగ్లీషు గురించి భర్త అనుకునేదీ, ఆమె అనుభవమూ ఒకటి కానక్కర్లేదు. డిపెండెంట్ వీసా మీద వచ్చి, మొదటి రెండేళ్లు ఎక్కువగా నాలుగు గోడల మధ్యే గడిపిన ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి.

ఇండియా నుంచి ఆర్నెల్లకు వచ్చిన అమ్మానాన్నలను ఫారంలో రాయాలా?

ఏసీఎస్‌లో రెండు నెలల నియమం ఉంది. మీ ఇంట్లో రెండు నెలలకు మించి ఉంటున్నవాళ్లను, ఉండబోయేవాళ్లను కలపాలి. అంతకంటే తక్కువ రోజులకు వచ్చి, వేరే చోట సొంత ఇల్లు ఉన్నవాళ్లను వదిలేయాలి. అంటే మూడు వారాల కోసం పెళ్లికి వచ్చినవాళ్లు రారు. మనవరాలు పుట్టిందని ఐదారు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మమ్మ వస్తుంది. పదేళ్ల జనాభా లెక్కల పద్ధతి వేరు, అక్కడ సందర్శకులను కలపరు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

కాలేజీ కోసం వేరే ఊళ్లో రెండు నెలలకు మించి ఉంటున్న మీ అబ్బాయిని మాత్రం మీ ఇంట్లో రాయకూడదు.

ఫారం తెలుగులో దొరుకుతుందా?

ఏసీఎస్ ఫారం ఇంగ్లీషు, స్పానిష్‌లలో ఉంటుంది. 2020 జనాభా లెక్కలప్పుడు మాత్రం 59 భాషల్లో సహాయ పుస్తకాలు వేశారు, వాటిలో తెలుగు ఉంది. అంతకు రెండు దశాబ్దాల ముందు వచ్చినవాళ్లకు ఆ పుస్తకం తెరిచి చూడటం ఎంత సంతోషమో నేను దగ్గరుండి చూశాను.

మేం రాసింది ఇమిగ్రేషన్ వాళ్లకో, కంపెనీకో వెళ్తుందా?

వెళ్లదు. అమెరికా చట్టాల్లో 13వ శీర్షిక (టైటిల్ 13) కింద మీ జవాబులు గోప్యం. మీ పేరుతో ఉన్న సమాచారాన్ని బయటపెట్టిన ఉద్యోగికి ఐదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. పౌరసత్వం ఉందా అని సర్వే అడుగుతుంది. ఏ వీసా, ఎప్పటివరకు చెల్లుతుంది అని అడగదు. అదే చట్టం ప్రకారం జవాబివ్వడం తప్పనిసరి కూడా.

సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, డబ్బు అడిగారంటే అది సెన్సస్ కాదు. ఫోన్ పెట్టేయండి.

'తెలుగు' అని రాస్తే మా పాపను బడిలో ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లల ప్రత్యేక క్లాసులో) వేస్తారని అంటున్నారు. నిజమేనా?

సర్వేకూ బడికీ సంబంధం లేదు. మీరు విన్నది బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే 'హోం లాంగ్వేజ్ సర్వే' గురించి. రెండు కాగితాల్లోనూ ప్రశ్న ఒకేలా ఉండటంతో జనం కలిపేస్తారు.

కాలిఫోర్నియాలో బడి కాగితం మీద నాలుగు ప్రశ్నలు ఉంటాయి. పిల్ల మొదట మాటలు నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువ మాట్లాడేది ఏది, అమ్మానాన్నలు పిల్లతో ఎక్కువ మాట్లాడేది ఏది, ఇంట్లో పెద్దలు ఎక్కువ మాట్లాడేది ఏది. మొదటి మూడింటిలో ఏదైనా ఒకటి ఇంగ్లీషు కాకపోతే పిల్లకు ఎల్‌ప్యాక్ అనే పరీక్ష పెడతారు. న్యూజెర్సీ సహా చాలా రాష్ట్రాల్లో విడా అనే సంస్థ పరీక్షలు వాడతారు. కాగితం చూసి నేరుగా ఈఎస్ఎల్‌లో వేయరు. పరీక్షలో నెగ్గిన పిల్ల మామూలు క్లాసులోనే ఉంటుంది.

అయినా కొందరు తల్లిదండ్రులు పరీక్ష బాధ ఎందుకని నాలుగింటికీ 'ఇంగ్లీష్' అని రాసేస్తారు. నాకు దీనితో రెండు పేచీలు ఉన్నాయి. నిజంగానే ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లకు హక్కుగా రావాల్సిన సాయం, అలా రాస్తే రాకుండా పోతుంది. ఈ హక్కు ఊరికే వచ్చింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లల తరఫున వేసిన లావు వర్సెస్ నికల్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అర్థం కాని భాషలో పాఠం చెప్పి అందరికీ ఒకే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని. ఇక రెండో పేచీ, ఆ కాగితం నింపేటప్పుడు పక్కన పిల్ల ఉంటుంది. మన భాష పేరు దాచుకోవాల్సిన విషయమని ఐదేళ్ల పిల్లకు మొదట చెప్పేది మనమే అవుతాం.

పరీక్ష తర్వాత ఈఎస్ఎల్ అవసరమని బడి చెప్పినా, ఆ క్లాసులు వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఉంటుంది. వద్దన్నా ఏటా పెట్టే ఇంగ్లీషు పరీక్ష మాత్రం, స్థాయి అందుకునేదాకా రాయాల్సిందే.

పట్టికల్లో తెలుగు ఎక్కడ కనిపిస్తుంది? మా ఊరి లెక్క చూస్తే దొరకలేదు.

2016కి ముందు విడుదలైన సాధారణ పట్టికల్లో తెలుగుకు వేరే వరుస ఉండేది కాదు. తమిళం, మలయాళం, కన్నడంతో కలిపి 'ఇతర ఆసియా భాషలు' అన్న మూటలో వేసేవారు. 2016 సమాచారంతో పట్టికలను తిరగరాసి తెలుగుకు ఒక వరుస, తమిళానికి ఒక వరుస ఇచ్చారు. మలయాళం, కన్నడం, తక్కిన ద్రావిడ భాషలు ఇంకా ఒకే వరుసలో ఉన్నాయి. ఆ పట్టిక పేరు బి16001.

దానికి చిన్న రూపం సి16001. అందులో భాషలన్నీ పన్నెండు గుంపులే. తెలుగు 'ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల భాషలు' అన్న గుంపులోకి పోతుంది. హిందీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ మాత్రం 'ఇతర ఇండో యూరోపియన్ భాషలు' గుంపులోకి పోతాయి. ఒకే అపార్ట్‌మెంటులో ఎదురెదురు తలుపుల తెలుగు ఇల్లూ, గుజరాతీ ఇల్లూ లెక్కలో వేర్వేరు మూటల్లో ఉంటాయన్నమాట. భాషా కుటుంబాల ప్రకారం అది సరైన విభజనే. ఊళ్లో భారతీయ భాషలవాళ్లు ఎంతమంది అని చూడబోయే కౌన్సిల్ సభ్యుడికి మాత్రం ఇది తప్పుదారి పట్టిస్తుంది. ఏదో ఒక్క మూటను చూసి "ఇంతేనా" అనుకుంటాడు.

చిన్న ఊళ్లకు వివరమైన పట్టిక ఇవ్వకపోవడానికి కారణం గోప్యత. నలభై ఇళ్లున్న చోట 'తెలుగు, ఇంగ్లీషు తక్కువ, ఇద్దరు' అని వేస్తే ఆ ఇద్దరు ఎవరో పక్కింటివాళ్లకు తెలిసిపోతుంది.

అమెరికాలో అతి వేగంగా పెరుగుతున్న భాష తెలుగేనని వార్తల్లో చదివాం. ఎంతవరకు నిజం?

2010కీ 2017కీ మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగిందని సెన్సస్ సమాచారం ఆధారంగా వేసిన లెక్క అది. పెద్ద భాషల్లో అంత శాతం పెరుగుదల మరే భాషకూ లేదు. 2017కి మొత్తం నాలుగు లక్షలు దాటింది. అయితే శాతం వేరు, సంఖ్య వేరు. స్పానిష్ వాళ్లు కోట్లలో ఉన్నారు కాబట్టి అక్కడ లక్షల మంది పెరిగినా శాతం చిన్నదిగానే కనిపిస్తుంది.

పెరుగుదలకు కారణం మనకు తెలిసిందే. ఇంజనీరింగ్ కాలేజీలు, ఎంఎస్ చదువులు, హెచ్1బి ఉద్యోగాలు. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీలలో మనవాళ్లు ఎక్కువగా ఉండటానికీ అదే కారణం. అమెరికాలో పుట్టిన పిల్లల నోట తెలుగు నిలిచిందా లేదా అన్నది ఈ అంకె చెప్పదు.

మనవాళ్లకి ఇంగ్లీషు బాగా వచ్చు కదా, ఈ లెక్కల అవసరం మనకేముంది?

ఈ మాట మన సభల్లో గర్వంగా వినిపిస్తుంది. సగటు చూస్తే నిజం కూడా. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషులో డిగ్రీలు చేసినవాళ్లే. ఆ సగటు చాటున మరుగున పడేది మన పెద్దవాళ్లు.

గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గరకు వచ్చేసిన అరవై, డెబ్బై ఏళ్ల అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. మనవలను బడి బస్సు దగ్గర దించి వస్తారు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. తలుపు కొడితే తీయడానికి జంకుతారు. సర్వేలో 'ఇంగ్లీషు పరిమితమైన ఇల్లు' అనే ఒక లెక్క ఉంది. పద్నాలుగేళ్లు దాటినవాళ్లలో ఒక్కరికి కూడా ఇంగ్లీషు 'వెరీ వెల్' రాకపోతేనే ఆ ఇల్లు అందులోకి వస్తుంది. కొడుకు ఇంజనీరు అయితే ఆ ఇల్లు రాదు. కొడుకు ఆఫీసులో ఉన్న పది గంటలూ ఆ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే మనిషి లేడన్న సంగతి ఏ పట్టికలోనూ కనిపించదు. కనిపించేది ఒక్క చోటే, ఆ తల్లి పేరు పక్కన మీరు పెట్టే గడిలో. అందుకే అక్కడ నిజం పెట్టమని ఇంతగా అడుగుతున్నాను.

ఆసుపత్రిలో తెలుగు దుబాసీని అడగొచ్చా? డబ్బు కట్టాలా?

అడగొచ్చు, కట్టక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు ఇంగ్లీషు సరిగా రాని రోగికి ఉచితంగా అర్హత గల దుబాసీని ఇవ్వాలని 2010 ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ చెబుతోంది. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలు తీసుకునే ఆసుపత్రులన్నీ ఇందులోకి వస్తాయి. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరంలో తప్ప, చిన్నపిల్లలను దుబాసీగా వాడకూడదు. "మా పదేళ్ల బాబు చెప్తాడులెండి" అని మనమే అనేస్తుంటాం. అమ్మమ్మ గర్భాశయం గురించి పదేళ్ల పిల్లాడు ఎలా చెప్తాడు? ఆమె వాడి ముందు ఎలా చెప్పుకుంటుంది?

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు" అని స్పష్టంగా చెప్పండి. మా అమ్మను ఒకసారి పరీక్షలకు తీసుకెళితే ఫైలులో 'ఇండియన్' అని రాసుకున్నారు. ఫోన్లోకి హిందీ దుబాసీ వచ్చింది. అమ్మ పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదన్నట్టు ప్రతిదానికీ "జీ, జీ" అంటూ తలూపింది. బయటికొచ్చాక "ఏమడిగారే?" అని నన్నడిగింది. ఆ రోజు తనకు పడని మందు గురించి చెప్పాల్సింది చెప్పలేదని ఇంటికొచ్చాకే తెలిసింది. మళ్లీ ఫోన్ చేసి దిద్దించాం. అప్పటి నుంచి నేను ఎవరి ఫైలు తెరిచినా ముందు చూసేది భాష గడే.

2025లో ఇంగ్లీషే అధికార భాష అన్నారు కదా, ఇంకా ఈ సాయాలు ఉన్నాయా?

2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించింది. 2000 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన 13166 నంబరు ఉత్తర్వును రద్దు చేసింది. ప్రభుత్వ శాఖలు ఇంగ్లీషు రానివాళ్లకు ఎలా సేవలందించాలో ఆ పాత ఉత్తర్వు చెప్పేది. కానీ ఉత్తర్వు వేరు, అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం వేరు. 1964 పౌరహక్కుల చట్టం, పైన చెప్పిన ఆరోగ్య చట్టంలోని సెక్షన్ ఈ ఉత్తర్వుతో రద్దు కాలేదు. కొన్ని శాఖలు అనువాదాలు తగ్గించుకోవచ్చు. ఆసుపత్రిలో దుబాసీని అడగడానికి మాత్రం వెనకాడకండి.

ఓటు కాగితం మన భాషలో వస్తుందా?

ఓటు హక్కుల చట్టానికి 1975లో చేర్చిన 203వ సెక్షన్ దీని గురించే. ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక భాషా సమూహానికి చెందిన, ఇంగ్లీషు పరిమితంగా వచ్చిన, ఓటు వయసు పౌరులు 10,000 దాటాలి, లేదా మొత్తం ఓటు వయసు పౌరుల్లో 5 శాతం దాటాలి. ఆ సమూహంలో నిరక్షరాస్యత జాతీయ స్థాయి కంటే ఎక్కువ ఉండాలి. అప్పుడు ఎన్నికల సమాచారం వాళ్ల భాషలోనూ ఇవ్వాలి. ఈ లెక్కంతా ఏసీఎస్ నుంచే, ఐదేళ్లకోసారి తీస్తారు. 2011లో షికాగో ఉన్న కుక్ కౌంటీ, న్యూయార్క్‌లోని క్వీన్స్ భారతీయుల కోసం ఈ జాబితాలోకి వచ్చాయి. క్వీన్స్‌లో బెంగాలీని ఎంచుకున్నారు.

లెక్కలోకి వచ్చేది పౌరులు మాత్రమే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూస్తున్న మనవాళ్లలో చాలామంది ఇందులోకి రారు.

అమ్మానాన్నలు పౌరసత్వ పరీక్ష తెలుగులో రాయొచ్చా?

గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉండి వయసు 50 దాటినవాళ్లకు, 15 ఏళ్లు ఉండి 55 దాటినవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది. చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలు దుబాసీ సాయంతో తెలుగులో చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లు గ్రీన్‌కార్డు ఉంటే ఆ ప్రశ్నలు కూడా తగ్గుతాయి. అరవైలో వచ్చిన అమ్మకు 15 ఏళ్లంటే 75 రావాలి. ఈలోపు జబ్బు వల్లో, మతిమరుపు వల్లో నేర్చుకోలేని పరిస్థితి వస్తే డాక్టరు నింపే ఎన్-648 ఫారం వేరే ఉంది.

ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల ఇంగ్లీషు వెనకబడదా?

వెనకబడదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యంగా రావని పిల్లల భాష మీద పనిచేసేవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. మొదటి ఏళ్లలో రెండు భాషలూ కలిపేస్తుంటే కంగారు పడకండి, తర్వాత వాళ్లే విడదీసుకుంటారు. నా క్లాసులో ఇంగ్లీషు రాకుండా పోయిన పిల్ల ఇంతవరకు ఒక్కరూ లేరు. మూడో తరగతికొచ్చేసరికి తెలుగులో వాక్యం పూర్తి చేయలేక తడబడే పిల్లలు మాత్రం ప్రతి ఏడూ ఉంటారు. ఇంగ్లీషు బడి నేర్పుతుంది, టీవీ నేర్పుతుంది, ఆట మైదానం నేర్పుతుంది. తెలుగు నేర్పడానికి మీరే ఉన్నారు.

మా కౌంటీలో తెలుగువాళ్లు ఎంతమందో మేమే చూసుకోవచ్చా?

రాష్ట్రం లెక్క చూసుకోవచ్చు. పైన చెప్పిన గోప్యత కారణంగా ఇంత వివరమైన పట్టిక మీ కౌంటీకి దొరక్కపోవచ్చు. సెన్సస్ బ్యూరో డేటా వెబ్‌సైటులో బి16001 అని వెతికి, మీ రాష్ట్రాన్ని ఎంచుకోండి. తెలుగు వరుసలో మూడు అంకెలు ఉంటాయి. మొత్తం ఎంతమంది, వాళ్లలో 'వెరీ వెల్' వాళ్లు ఎంతమంది, కానివాళ్లు ఎంతమంది. ఏసీఎస్‌లో మామూలుగా 65,000 జనాభా దాటిన చోట్లకు ఏడాది లెక్క దొరుకుతుంది, చిన్న చోట్లకు ఐదేళ్లు కలిపిన లెక్కే ఉంటుంది. అందరికంటే ముందు చూడాల్సింది పక్కనే ఉండే 'మార్జిన్ ఆఫ్ ఎర్రర్'. 1,200 పక్కన 500 ఉందంటే అసలు సంఖ్య 700 నుంచి 1,700 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని. కాబట్టి నిరుటి కంటే రెండొందలు తగ్గారని ఎవరితోనూ వాదించకండి. గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల అర పెట్టమని అడగబోతే, ఐదేళ్ల లెక్క పట్టుకెళ్లండి. మార్జిన్ చిన్నగా ఉంటుంది, అంకె నిలబడుతుంది.